బాపు నొసటి గాటు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తల్లో బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికులు ఫొటో దిగేముందు ఒకటికి మూడుసార్లు సబ్బు రుద్దుకునేవారు. అయినా బొగ్గు పెళ్లలు కోసిన గాట్లు నల్లగా మిగిలేవి. వాటిని ఫొటోలో పెన్సిలుతో మాపడం స్టూడియో తాత పని. పెన్సిలు మొన నాలుకకు తాకించుకుని, "జర దమ్ము రావాలె" అనేవాడు ప్రతి ఫొటోకూ, బొమ్మకు ప్రాణం రావాలన్నట్టు.

రుమాలు తీసి దిగిన మా బాపు ఫొటో మాత్రం నొసటిమీద ఇంత గాటుతో వచ్చింది. ఎప్పుడూ కనుబొమల దాకా రుమాలు చుట్టుకునే బాపుకు గాటు ఉన్నట్టే నాకు తెలియదు. తాతే గీశాడని కోపం పెంచుకున్నాను. బాపు పోయాక, గాటు వైపు చూడకుండా, ఫొటోలో మెరిసే ఆ కళ్లతోనే మాట్లాడేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి అడిగాను. "లేని గాటు ఎందుకు పెట్టినవ్ తాతా?"

ఆయన ఫొటోను వెలుతురుకు తిప్పి చూశాడు. "గాటు మీ బాపుదే బిడ్డా. దమ్ము కోసం మాపకుండ ఇడిచిన. కండ్లే ఆరిన దీపాల లెక్క ఉండె. గా మెరుపు నేను పెట్టిన."

ఇంటికి వచ్చి గాటు మీద వేలు పెట్టాను. ఎటు చూసి బాపూ అని పిలవాలో తెలియలేదు.