పురుగు సరే, ఊరి పేరెందుకు?

మొక్కల వేళ్ళకు పట్టే నులిపురుగుల మా జన్యు డేటాబేస్‌లో మార్పులకు శుక్రవారమే ఆఖరు, అందుకే ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను.

తన మిరప నారు వేళ్ళలోంచి మమ్మల్ని పురుగులు తీసుకోనిచ్చిన నర్సరీ రహీం బాబాయ్ పొద్దున ఆఫీసుకొచ్చారు.

"పురుగుకి ఏ పేరైనా పెట్టుకో అమ్మా, పక్కన మా ఊరి పేరెందుకు? ఇక నా నారు ఎవరు కొంటారు?"

"ఆ వివరాలు సైంటిస్టులే చూస్తారు బాబాయ్."

"మా అల్లుడు బెంజ్ సర్కిల్ నెట్ సెంటర్లో చూశాడు. వాడు సైంటిస్టా?"

నవ్వొచ్చింది కానీ, అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఊరు తీసేస్తే ఆ పురుగు ఏ నేలదో మిగతా పరిశోధకులకి తెలియదు. ఉంచితే ఆయన వ్యాపారం దెబ్బతింటుంది. జిల్లా పేరు ఒక్కటే ఉంచితే చాలంటారా? మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, ఇలాంటివి అడగడానికి నాకు పాఠాలు చెప్పిన మీరే ఉన్నారు. గురువారం సాయంత్రం ఆయన మళ్ళీ వస్తానన్నారు. ఆలోపు చెప్పండి.