ప్లేఆఫ్స్‌కి ఇచ్చిన తలనీలాలు

ఆ రోజుల్లో నా తలమీద జుట్టు ఉండేది. ఈ మాట ప్రత్యేకంగా చెప్పుకోవలసి వస్తోందంటే, ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మడం లేదు గనక. (పెళ్ళి ఫొటోలు చూపిస్తే అదంతా ఫొటోగ్రాఫరు చేతిచలవ అనుకునేవాళ్ళున్నారు.) దువ్వెన పెడితే ఇరుక్కుపోయేంత జుట్టు. జుట్టు దండిగా ఉన్న ఆ వయసులో నాకు మిగతావేవీ లేవు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, జర్మన్ భాష సగమే వచ్చు, బాస్కెట్‌బాల్ అసలు రాదు. నేను చదువుకున్న బెజవాడ హాస్టల్ కాలేజీలో బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటుండేది గానీ, ఆ రింగుకి మేం తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళం. దాంట్లోంచి బంతి పడగా నేను చూసింది జర్మనీ వచ్చాకే.

జర్మనీలోని జీగెన్‌లో చదువు పూర్తయ్యాక నాకు ఉద్యోగం దొరికింది దక్షిణాన, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో. చర్చీ, బేకరీ, బీరు కాచే కొట్టూ, వీటన్నిటికంటే పెద్దగా ఒక బాస్కెట్‌బాల్ హాలూ, అంతే ఊరు. మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో బల్లలన్నీ ఒకే గదిలో పట్టేవి. బాస్‌ని నేనూ నా రూమ్మేటూ మాలో మేం బుర్రమీసాలాయన అనుకునేవాళ్ళం. ఆ మీసం ఆయన కంటే ఒక అడుగు ముందే గదిలోకి వచ్చేది. ఆయన పగలు మాకు బాస్, సాయంత్రం ఊరి జట్టు అభిమానుల సంఘానికి పెద్ద. నేను చేరిన వారంలోనే ఒక ఎర్ర కండువా తెచ్చి నా మెడలో వేసి, శనివారం హాలుకి రమ్మన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు బాస్ రమ్మంటే రానంటాడా? వెళ్ళాను. అక్కడ సంఘంవాళ్ళంతా ఒకేచోట, మెట్లమీద నిలబడతారు, ఎవరూ కూర్చోరు. మధ్యలో ఒక పెద్దావిడ, నడుం దాటిన తెల్లటి జడ, మెడలో పెద్ద డ్రమ్ము. ఆమెకు మేం పెట్టుకున్న పేరు డప్పు మామ్మ. పరాయి దేశంలో నన్ను మొదటిసారి పక్కకు జరిగి తమ మధ్య నిలబెట్టుకున్నది ఆ గుంపే. ఆఫీసులో నేను ఇంకా పరీక్షలో ఉన్నవాణ్ణి గానీ, ఆ మెట్లమీద మాత్రం నాకంటూ ఒక చోటు ఉండేది.

ఆ ఏడాది మా జట్టు చచ్చీచెడీ ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. లీగు అయ్యాక పైన నిలిచిన జట్లు జంటలుగా తలపడతాయి, ఐదు మ్యాచుల్లో ముందు మూడు గెలిచినవాళ్ళు పై రౌండుకి పోతారు. మా ఊరు ఎప్పుడూ మొదటి రౌండు దాటి ఎరగదు. ఈసారి ఎదురుపడింది మహానగరం జట్టు. వాళ్ళ ఆటగాళ్ళు విమానాల్లో తిరుగుతారు, మావాళ్ళు బస్సులో చాక్లెట్లు పంచుకుంటూ వెళతారు. ప్లేఆఫ్స్ మొదలయ్యే రోజున బుర్రమీసాలాయన ఆఫీసులో అందరినీ నిలబెట్టి, ఇవాళ్టి నుంచి జట్టు ఓడిపోయేదాకానో కప్పు కొట్టేదాకానో ఎవరూ గడ్డం మీద బ్లేడు పెట్టకూడదని చెప్పాడు. ఆటగాళ్ళూ గీసుకోరు, అభిమానులూ గీసుకోరు, అది ఇక్కడి నియమం. మిగతావాళ్ళ గడ్డాలు వారం తిరిగేసరికి గుబురెక్కాయి. నాది మాత్రం అక్కడొకటీ ఇక్కడొకటీ మొలిచి, నారు సరిగ్గా అందని మడిలా కనిపించేది. బాస్ రోజూ పొద్దున నా దవడ పరిశీలించి నిట్టూర్చేవాడు.

మొదటి రెండు మ్యాచులు మహానగరంలో. రెండూ ఓడాం. మూడోది మా ఊళ్ళో, అదీ పోతే కథ ముగిసినట్టే. సగం ఆట అయ్యేసరికి వెనకబడి ఉన్నాం. డప్పు మామ్మ డ్రమ్ము కొట్టడం ఆపేసి కండువాతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకు గుండె తరుక్కుపోయింది. ఇంకో సంగతీ ఉంది, దాచడం దేనికి. నా ప్రొబేషన్ ఆ నెలతోనే అయిపోతుంది, దుఃఖంలో ఉన్న బాస్ ఉద్యోగం ఖాయం చేస్తాడా అన్న భయం కూడా ఉంది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా ఇంట్లో నాకు చిన్నప్పుడే నేర్పారు. మాది క్రైస్తవ కుటుంబం. పరీక్షలకీ, జ్వరాలకీ, కోర్టు వ్యవహారాలకీ అన్నిటికీ గుణదల కొండమీది మరియమాతకే మొక్కుకుంటాం. ఆ హోరులో కళ్ళు మూసుకుని, తల్లీ, ఈ మ్యాచ్ ఒక్కటి గెలిపించు, నీకు తలనీలాలు ఇచ్చుకుంటాను అన్నాను. ఆ తరవాత మావాళ్ళకి ఏమైందో తెలియదు, ఎక్కణ్ణుంచి విసిరినా బంతి రింగులోనే పడింది. గెలిచాం. బాస్ నన్ను ఎత్తి పట్టుకుని గిరగిరా తిప్పాడు.

ఇంటికి వచ్చి అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. ఆవిడకి బాస్కెట్‌బాలంటే ఏమిటో తెలియదు గానీ మొక్కు అంటే తెలుసు. గుణదల వచ్చినప్పుడు తీర్చుకుంటాలే అని నేను నసిగేసరికి ఆవిడ ముఖం ఫోన్ తెరకి బాగా దగ్గరగా వచ్చింది.

“తల్లి చెయ్యాల్సింది చేసింది కదా, ఇంకా ఆలోచనేంట్రా నీకు? రేపే గుండు కొట్టించుకో. జుట్టు కవర్లో పెట్టి ఎవరి చేతైనా పంపు, కొండమీదికి నేను పట్టుకెళతా. ఆ గడ్డం కూడా తీసెయ్, సగం సగం ఇస్తే ఏం బాగుంటుంది?”

జుట్టు కత్తిరించేది నా రూమ్మేటు. హైదరాబాద్ పాతబస్తీవాడు, మా ఊళ్ళో ఉన్న తెలుగు కుర్రాళ్ళందరికీ భాయ్, అందరి తలలూ అతని చేతిమీదుగానే నడిచేవి. మర్నాడు పొద్దున నన్ను స్నానాలగదిలో స్టూలుమీద కూర్చోబెట్టి, సంగతంతా విని, ట్రిమ్మరు ఆపి మరీ నా వంక జాలిగా చూశాడు.

“ఒక్క మ్యాచ్‌కేనా మొక్కినవ్? గింత జుట్టు పెట్టుకొని ఒక్క మ్యాచ్ అడుగుతవా యార్? మొత్తం సిరీస్‌కి మాట్లాడుకోవాలె గదా.”

నాకా ఆలోచనే తట్టలేదు సుమండీ. ఏమైతేనేం, నున్నటి గుండుతో, నున్నటి గడ్డంతో, మొక్కు చెల్లించిన వెలుగు ముఖంలో పెట్టుకుని నాలుగో మ్యాచ్‌కి వెళ్ళాను. సంఘం మొత్తం నన్ను భుజాలమీద మోస్తుందనే అనుకున్నాను. (అప్పటికే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను, అందరికీ బాగా కనబడాలని.) నేను మెట్లెక్కుతుంటే ముందు పాట ఆగింది. తరవాత డ్రమ్ము ఆగింది. గడ్డాల వరసలన్నీ నా దవడవైపే చూస్తున్నాయి. మొక్కు హడావిడిలో గడ్డం నియమమే మరిచిపోయాను; అప్పుడు వెలిగింది నాకు, మా కొండమీద పుణ్యమైన పని ఈ మెట్లమీద మహాపాపమని. ప్లేఆఫ్స్ నడుస్తుండగా గీసుకున్నవాడు జట్టుకి శని పట్టించినవాడితో సమానమట. బుర్రమీసాలాయన కోప్పడలేదు, దానికి ఇంకా భయమేసింది. చాలా మర్యాదగా, ఇవాళ్టికి నువ్వు సాసేజీల కొట్టు దగ్గర నిలబడి చూడటం మంచిదేమో అన్నాడు. నా చోటు పోయింది. ఉద్యోగమూ దాని వెనకాలే పోయిందనుకున్నాను.

కొట్టు దగ్గర సాసేజీల పొగలో నిలబడి ముక్కు ఎగబీలుస్తుంటే డప్పు మామ్మ డ్రమ్ము మోసుకుంటూ అక్కడికే వచ్చింది. ఎందుకిలా చేశావని అడిగింది. నాకున్న సగం జర్మన్‌లో మొక్కు గురించి చెప్పడం మొదలుపెట్టాను. కొండ, తల్లి, అడగడం, ఇవ్వడం. వ్యాకరణం ఎటుపోయిందో తెలియదు గానీ ఆవిడ తల ఊపుతూ వింది. ఆ ప్రాంతంలో కూడా కొండమీద మాత గుడులున్నాయి, వాళ్ళమ్మ ఒకప్పుడు కొడుక్కి జబ్బు చేస్తే అక్కడికి కాలినడకన వస్తానని మొక్కుకుని వెళ్ళిందట. నా చెయ్యి పట్టుకుని మళ్ళీ మెట్లమీదికి లాక్కుపోయింది. బాస్ ముందు నిలబెట్టి ఆవిడ అన్న మాట నాకు జర్మన్‌లో కాదు, అచ్చం మా కృష్ణా జిల్లా పెద్దమ్మల గొంతులోనే వినిపించింది.

“ఈ పిల్లాడు గీసుకోలేదు. ఇచ్చాడు. మూడో మ్యాచ్ ఎలా గెలిచామనుకుంటున్నావు?”

బుర్రమీసాలాయన నా గుండు వంక చూశాడు. లెక్కలు తెలిసిన మనిషి, ఆలోచిస్తున్నట్టు కనబడుతూనే ఉంది. తరవాత మెల్లగా, మరి ఈ మ్యాచ్‌కి ఏం మొక్కావని అడిగాడు. ఇంకేం మిగిలింది, కనుబొమలు తప్ప? అప్పుడు మామ్మ తన తెల్లజడ ముందుకి వేసుకుని, ఈ మ్యాచ్ నాది అంది. నేను చెప్పిన మాటలే జర్మన్‌లో కళ్ళు మూసుకుని అంది. ఆ రోజు ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరి క్షణంలో మావాడు గురి కూడా చూడకుండా విసిరిన బంతి రింగులో పడింది. మామ్మ మర్నాడు మా గదికి వచ్చి స్టూలుమీద కూర్చుంది. అంత జడమీద కత్తెర పెట్టడానికి భాయ్‌కి మనసొప్పలేదు. కానియ్యి నాయనా అన్నట్టు ఆవిడే వాడి భుజం తట్టింది.

ఐదో మ్యాచ్ మహానగరంలో, ఆదివారం మధ్యాహ్నం. సంఘం బస్సులో భాయ్‌కి ముందు సీటు ఇచ్చారు, ట్రిమ్మరు పెట్టెతో సహా. (రంజాన్ అయిపోయిన కొత్త, వాళ్ళమ్మ పంపిన ఖుబానీ మిఠాయి డబ్బా కూడా తెచ్చి బస్సంతా పంచాడు.) ఆట పోటాపోటీగా సాగింది. చివర్లో మేం ఒక్క పాయింటు ముందున్నాం, గడియారంలో ఊపిరి పీల్చుకునేంత సమయం మిగిలింది. అప్పుడు మావాడొకడు వాళ్ళ పొడుగాటివాణ్ణి గుద్దుకున్నాడు, వాళ్ళకి ఎవరూ అడ్డు రాకుండా విసిరే ఫ్రీ త్రోలు రెండు ఇచ్చారు. రెండూ పడితే మేం ఇంటికి. హాలంతా లేచి నిలబడింది. బుర్రమీసాలాయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో తన మీసం నిమురుతున్నాడు. అది పెళ్ళికి ముందు నుంచీ ఉన్న మీసం, ఆయన పై పెదవి ఎలా ఉంటుందో వాళ్ళావిడకి కూడా తెలియదని ఆఫీసులో ప్రతీతి. కళ్ళు మూసుకుని అడిగాడు.

“మీ తల్లి మీసం కూడా తీసుకుంటుందా?”

తీసుకుంటుందన్నాను. మొదటి బంతి రింగుమీద తిరిగి తిరిగి బయట పడింది. అంతే, మా మూలలో కట్టలు తెగాయి. నా గడ్డం, నా జుట్టు, మా తమ్ముడి జుట్టు కూడా అంటూ తలా ఒకటి మొక్కేస్తున్నారు. మామ్మ డ్రమ్ము పగిలిపోయేలా వాయిస్తోంది. రెండో బంతి రింగుకి తగిలి ఎగిరింది, మావాడు గాల్లోనే అందుకున్నాడు, బూర మోగింది. మహానగరం మూగబోయింది. మా మూల ఒక్కటే తిరనాళ్ళలా మోగిపోయింది. నేను జీవితంలో అంత సంతోషంగా ఏడ్చింది లేదు.

ఆ సాయంత్రం బస్సులాపే చోట, వెలుగు ఉండగానే, భాయ్ వరసగా గుండ్లు కొట్టాడు. కేకు పెట్టెలో బంగారు జుట్టు, ఎర్ర జుట్టు, నెరసిన జుట్టు పోగయ్యింది. అన్నిటికంటే పైన బుర్రమీసం. అటూ ఇటూ చూస్తున్న పోలీసాయనొకడు దగ్గరికి వచ్చి ఏమిటిదని అడిగి, విని, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బాస్ ఇంటికి వెళితే వాళ్ళావిడ తలుపు తీసి, ఎవరు కావాలండీ అందట. సోమవారం ఆఫీసుకి వచ్చిన కస్టమర్లు మా గుండ్ల వరస చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. వాళ్ళు వెళ్ళాక బాస్ నా ఉద్యోగం ఖాయమని చెప్పాడు. పని బాగా చేస్తున్నావు, అదొకటి, నువ్వు వెళ్ళిపోతే వచ్చే ఏడాది మాకెవరు మొక్కుతారు, అదొకటి అన్నాడు. వేసవిలో భాయ్ ఆ పెట్టె మోసుకుని హైదరాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సెక్కి బెజవాడ వచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ మూత తీసి చూసి, ఇంతమందికి ఏం కష్టమొచ్చిందిరా అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, భాయ్‌నే వెంటబెట్టుకుని కొండెక్కిందట.

తరవాతి రౌండులో వరసగా మూడూ ఓడిపోయాం. ఆశ్చర్యమేముంది, ఇవ్వడానికి ఎవరి తలమీదా ఏమీ మిగల్లేదు. అయినా మా ఊళ్ళో ఆ ఏడాదిని ఇప్పటికీ కప్పు గెలిచిన ఏడాదిలాగే చెప్పుకుంటారు.

నా జుట్టు మళ్ళీ వచ్చింది, పెళ్ళి ఫొటోలదాకా ఉంది, ఆ తరవాత ఏ మొక్కూ లేకుండానే దానంతటదే వెళ్ళిపోయింది. నేనిప్పుడు హాంబర్గ్‌లో ఉంటున్నాను, ఇక్కడి గాలికి టోపీ నిలవదు, తల మీద నిలవడానికి వేరే ఏమీ లేదు. ఈ వసంతంలో మా ఊరి జట్టు మళ్ళీ ప్లేఆఫ్స్‌కి వచ్చింది. మొన్న డప్పు మామ్మ ఫోన్ చేసింది. డ్రమ్ము ఇప్పుడు మోయలేదట, మనవరాలు మోస్తోందట, కొట్టేది మాత్రం తనేనట. నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు మామ్మా, మొత్తం బట్టతలే అని సిగ్గుపడుతూ చెప్పాను. ఆవిడ నవ్వింది.

“నా జడ మళ్ళీ పెరిగిందిలే. ఇచ్చేది నేను. అడగడం నీకు బాగా వచ్చు, నువ్వు అడుగు.”

ఫోన్ పెట్టేసి, నున్నటి తలమీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకున్నాను. ఈసారి మాత్రం భాయ్ చెప్పినట్టు, మొత్తం సిరీస్‌కి మాట్లాడుకున్నాను.