ఒకటో నంబరు దేవుడి లైటుకి

మా మావయ్య పోయిన శుక్రవారం చనిపోయారు. పెద్దకర్మ కూడా కాకముందే ఇది రాయడానికి కారణం ఉంది. జూన్ నెల మధ్యలో చేపల వేట మీద నిషేధం ముగుస్తుంది. సఖినేటిపల్లి చుట్టుపక్కల ఆయన చేత రెండేసి బ్యాటరీలు పెట్టించుకున్న బోట్లన్నీ మళ్లీ సముద్రం మీదికి వెళ్తాయి. వాటి వైరింగులో ఒక సంగతి కొత్త మెకానిక్కులకు తెలియదు.

మావయ్య బోట్ల ఎలక్ట్రీషియను. చదివింది రెండో తరగతి. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. సెలవులకు రాగానే నన్ను బోటులోకి దింపేవారు. "డిప్లమో అమ్మగారూ, టార్చి కాస్త ఇలా పట్టండి" అనేవారు. బిగించిన ప్రతి వైరునూ రెండుసార్లు లాగి చూసి, గ్రీజు రాసేవారు. "ఉప్పుగాలికి మొహమాటం ఉండదమ్మా."

బోటులో ఒకే బ్యాటరీ ఉంటే లైట్లూ, ఫోన్ చార్జింగులూ, పాటలూ దాన్ని తినేస్తాయి. ఆఖరికి ఇంజను స్టార్టవదు. అందుకే ఇంజనుకి ఒకటి, మిగతావాటికి ఇంకొకటి. మధ్యలో చిన్న రిలే ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు అది ముందు ఇంజను బ్యాటరీని నిండనిచ్చి, తర్వాతే రెండోదాన్ని కలుపుతుంది. ఇంజను ఆగితే రెంటినీ విడదీస్తుంది. నేను కాగితం మీద గీసి చూపిస్తే మావయ్య ఒక్కసారే చూశారు.

"అంటే పనికెళ్లేవాడికి ముందు అన్నం పెట్టి, తర్వాత మనం తినడం. అంతేనా?"

మా లెక్చరర్లు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మొదటి బోటుకి పెట్టినప్పుడు ఇంజను బ్యాటరీ మీద ఒకటి అనీ, లైట్లదాని మీద రెండు అనీ రాశాం. యజమాని ఒప్పుకోలేదు.

"దేవుడి పటం దగ్గర లైటు రెండోదానికేంటండీ బాబూ! ఆయనది ఒకటో నంబరే ఉండాలి."

నాకు నవ్వొచ్చింది. మావయ్య నవ్వలేదు. "ఆయ్, అలాగేనండి" అని, వైర్ల జోలికి పోకుండా పెయింటు తీసి అంకెలు మార్చేశారు. తర్వాత నాతో మెల్లగా, "నంబరు దేవుడికిచ్చేనమ్మా, కరెంటు ఇంజనుకుంచేను" అన్నారు. అప్పటినుంచి ఆయన చేసిన ప్రతి బోటుకీ అదే పద్ధతి. ఒకటి లైట్లది. రెండు ఇంజనుది.

మొన్న పలకరించడానికి వచ్చిన ఒక బోటు యజమాని కాసేపు నసిగారు. కొత్త మెకానిక్కు ఒకటంటే ఇంజనుదే అనుకుని, ఇంజను వైర్లు కూడా తీసి లైట్ల బ్యాటరీకే బిగించాడట. రెండు రోజులు దేవుడి లైటు వెలిగేసరికి ఆ బ్యాటరీ దిగిపోయి, బోటు ఒడ్డునే మొరాయించింది.

"మీ మావయ్యగారే పొరపాటున నంబర్లు తప్పు వేసేరేమోనమ్మా?"

"లేదు బాబాయిగారూ. పదండి, చూపిస్తాను."

వైర్లు మావయ్య పెట్టినట్టే బిగించాను. రెండుసార్లు లాగి చూశాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. బాబాయిగారు ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

"అచ్చం మీ మావయ్యగారి చెయ్యేనమ్మా" అన్నారు.

సముద్రంలో ఇంజను మొరాయిస్తే సరిచేయడానికి పక్కన నేనుండను. అందుకే అడుగుతున్నాను. మావయ్య చేత పని చేయించుకున్నవాళ్లు జూన్ పదో తేదీలోగా రేవు దగ్గరున్న ఆయన షెడ్డుకి కబురు పంపండి. బోటు ఎక్కడ కట్టి ఉందో చెబితే చాలు, నేనే వచ్చి ఒకటి కింద 'లైటు' అనీ, రెండు కింద 'ఇంజను' అనీ రాస్తాను. ఆయన వేసిన అంకెలు మాత్రం చెరపను.