డెబ్బై కిలోల బొమ్మ

సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్‌లోని మా కెమికల్ ప్లాంట్‌లో మంటలార్పే దళానికి పేరిచ్చేనాటికి నాకు నలభై ఒక్కేళ్లు. పదకొండేళ్లుగా అక్కడ ఇంజనీర్‌ని. ఏ వాల్వ్ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను. సైరన్ మోగితే మాత్రం గేటు బయటికి వెళ్లి నిలబడాలి. అది నాకు నచ్చేది కాదు.

పరీక్షలో నిచ్చెన ఎక్కాను. గాలి సిలిండరు, మాస్కు తగిలించుకుని చీకటి గొట్టంలో పాకాను. చివరగా, మనిషి ఆకారంలో ఉన్న డెబ్బై కిలోల బొమ్మను ముప్ఫై మీటర్లు లాగాలి. పది మీటర్లకే చేతులు జారిపోయాయి. ట్రైనర్ ఫారం మీద 'అన్‌ఫిట్' అని రాసి, ఆఫీసు పని కూడా ముఖ్యమేనని ఇంగ్లీషులో ఓదార్చాడు. ఆ ఓదార్పే ఎక్కువ గుచ్చుకుంది.

బయట నీళ్లు తాగుతుంటే ఒక రిగ్గర్ దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషి. క్రేన్‌కు బరువులు కట్టడం అతని పని. అంతా చూశాడట.

"సేతుల్తో లాగినారు మేడమ్. అలాగైతే నేనూ లాగలేను. బరువుని గుండెకి అంటించుకోవాల. ఎనక్కి కూకున్నట్టు వంగి, కాళ్లతో తొయ్యాల."

"నాకు నేర్పుతారా?"

"ఆదోరం ఖాళీయే. భోజనం మీ ఇంట్లోనే మరి."

ఆదివారం టోవా పాయోలో మేముండే ఫ్లాట్ల బ్లాకు ముందున్న గడ్డిలో మొదలుపెట్టాం. బొమ్మ లేదు కాబట్టి డెబ్బై ఎనిమిది కిలోల మా ఆయన పడుకున్నారు. ఆ రోజు ఆయన్ని సిమెంటు బెంచీ దాకా కూడా చేర్చలేకపోయాను. కూరగాయల సంచితో వెళ్తున్న చైనీస్ అంకుల్ ఒకాయన ఆగి, "హస్బెండ్ ఓకే, ఆ?" అని అడిగాడు. మా ఆయన పడుకునే చెయ్యెత్తి, "ఓకే, అంకుల్" అన్నారు.

"అడుగు సిన్నదెయ్యండి," అనేవాడు రిగ్గర్ ప్రతిసారీ. నాలుగో ఆదివారం ఆ కిటుకు ఒంటికి పట్టింది. బరువు నా వెంట దానంతటదే వస్తున్నట్టనిపించింది. అప్పటికి మా ఆయనవి రెండు చొక్కాలు చిరిగాయి.

మళ్లీ పరీక్షకు వెళ్లాను. ట్రైనర్ నన్ను గుర్తుపట్టి, బొమ్మ వైపు చెయ్యి చూపించాడు. బొమ్మను ఛాతీకి హత్తుకుని, వెనక్కి వాలి, చిన్న చిన్న అడుగులు వేశాను. తొడలు మండాయి. గీత దాటిన సంగతి నాకు తెలియలేదు. "చాలు, చాలు, ఆగండి" అని అతను అరిచేదాకా లాగుతూనే ఉన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మాయి, తన సింగపూర్ యాసలో, "నాట్ బ్యాడ్ లా, అమ్మా" అంది. అంత పొగడ్త దాని నోట ఎప్పుడూ వినలేదు.

ఎవరు నేర్పారని ట్రైనర్ అడిగాడు. క్రేన్ పక్కన నిలబడ్డ మనిషిని చూపించాను. తర్వాతి బ్యాచ్‌కి బరువు లాగడం నేర్పడానికి అతన్నే పిలిచారు. మొదటి రోజు ట్రైనర్ కూడా వరుసలో నిలబడి, అతను చెప్పినట్టే వెనక్కి వంగాడు.