మేనమామల దళం

ఆ రోజుల్లో కాలేజీలో రెండేళ్లు ఎన్.సి.సి. ఖాకీ తొడుక్కున్న ప్రతి కుర్రాడూ తానొక సగం సేనాధిపతినని అనుకునేవాడు. మిగతా సగం మనుషుల్ని చేతికిస్తే వచ్చేస్తుందని నా నమ్మకం. విజయనగరంలో బి.ఏ. ముగించి, నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో ఉద్యోగం కోసం ఎదురుచూస్తుండగా ఆ ముచ్చటా తీరింది. అరవైల చివర అది. కొండల వైపు గొడవలు ముదిరి, సర్కారు మాట ఏ ఊళ్లో చెల్లుతుందో సర్కారుకే తెలియని కాలం. గ్రామరక్షణ దళం కట్టుకోండి, తనిఖీలో బాగుంటే సరే, లేకపోతే మీ ఊళ్లో పోలీసు క్యాంపు పెడతామని ఇన్‌స్పెక్టరుగారు కబురంపారు. క్యాంపంటే ఏమిటో పక్క ఊరిని చూసి మాకు తెలుసు. అక్కడ తెల్లవారుజామున కూయడానికి ఒక్క కోడి మిగల్లేదు.

అలా మా ఊరి కోళ్ల ప్రాణాలు నా చేతిలో పడ్డాయి. కుడి ఎడమలు ఇంగ్లీషులో అరవగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్నే కమాండర్‌ను చేశారు. చిక్కల్లా, ఆ దళంలో నాకు ఏమీ కానివాడు ఒక్కడూ లేడు. మొదటిరోజే మా అక్క మొగుణ్ణి వెనక వరసలో నిలబెట్టాను. (పొడుగువాళ్లు వెనక ఉండాలని పుస్తకంలో ఉంది, ఇంటల్లుణ్ణి వెనక్కి నెట్టకూడదని అందులో లేదు.) బావ కర్ర అక్కడే పారేసి ఇంటికెళ్లిపోయాడు. మా అమ్మ నాచేత బతిమాలించి, ఆయన్ని ముందు వరసలోకి తెప్పించింది. ఇక ఆయన వీపు వెనకున్నవాళ్లకి నేను కనిపించడం మానేశాను.

మర్నాడు మా మేనమామను నేలమీద పాకమన్నాను.

"ఒరే అల్లుడూ, నిన్ను బుజాలమీదెక్కించుకుని తీర్తాలకి తిప్పినోడ్ని. నన్ను బోర్లా పడుకోమంతావేటి?"

"మావా, ఇది ఆర్డరు."

"ఆర్డరేటి? ఉండు, మీయమ్మనడిగొస్తాను."

"శత్రువు కాలుస్తుంటే అలాగే నిలబడతావా?"

"ఎవుడ్రా కాల్సీది? ఏ ఊరోడో సెప్పు, ఆడి మావతో నాను మాటాడతాను!"

దాంతో నా ఆజ్ఞలన్నీ విన్నపాలైపోయాయి. "బావా, కాస్త కుడివైపు తిరుగుతావా... చిన్నాన్నా, వీలైతే ఆగు..."

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరుగారు జీపు దిగారు. గుండెల నిండా గాలి పీల్చి "రైట్ టర్న్" అని ఒక్క కేక పెట్టాను. ముందు వరస కుడికి తిరిగింది. బావ వీపు తప్ప ఏమీ కనిపించని వెనక వరస ఎడమకి తిరిగింది.

"ఏరా గాడిదా, ఇదేనా నేర్పింది?" అంటూ ఇన్‌స్పెక్టరు నా చెవి మెలిపెట్టాడు.

అప్పుడు నా దళం కదిలింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అందరూ ఒక్కసారే తిరిగి, ఒక్క అడుగై వచ్చి, కర్రలతో మా చుట్టూ నిలబడ్డారు. (అంత తిన్నని వరస నేను ఏ కవాతులోనూ చూడలేదు.)

"బాబూ, సెవి వదిలీండి. ఆడు మా పిల్లడు," అన్నాడు మావ, నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టరు వదిలాడు. "ఇది దళం కాదయ్యా, మగపెళ్లివారు," అని జీపెక్కాడు. వారం తిరక్కుండా క్యాంపు దిగింది.

"నావల్లే కదా మావా," అన్నాను.

"పోనీరా. కోడి పోతే పోనాది. అందరి ముందర నీ సెవి మెలిపెడితే సూస్తా ఊరుకుంతామేటి?"

ఆ తర్వాత పత్రికలో చేరి, కొత్తగా నిలదొక్కుకుంటున్న దేశాల గురించి ఎన్నో సంపాదకీయాలు రాశాను. సైనికుడు చుట్టరికానికి కాదు, రాజ్యానికి కట్టుబడాలని ఘాటుగానే బోధించాను. అది నిజమే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆ వాక్యం కుడిచెయ్యి రాస్తున్నప్పుడల్లా, ఎడమచెయ్యి తనంతట తానే వెళ్లి చెవిని తడుముకునేది.