ఉప్పలమ్మ చేతికొచ్చిన జట్టు

నాచారం పరిశ్రమల వాడలో పొద్దున్నే మంచు దిగితే, ఫ్యాక్టరీ గోడల వెనక మైదానంలో పరుగెత్తే ఆటగాళ్లకు కాళ్లు కనిపించేవి కావు. నడుము పై భాగాలే తెల్లటి పొగలో తేలిపోతున్నట్టుండేవి. వాళ్లను చూస్తూ ఉప్పలమ్మ తను ఎక్కాల్సిన బస్సు వదిలేసుకున్న రోజులున్నాయి.

ఆమె పుట్టింది ఉప్పల్లోనే. హైస్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆడింది. పెళ్లయ్యాక ఆట ఆగింది కానీ కలల్లో ఆగలేదు. నలభై దాటినా నిద్రలో కాళ్లాడించేది. "రాత్రి ఎన్ని గోల్స్ గొట్టినవ్?" అని భర్త ఉపేందర్ నవ్వేవాడు. ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో లారీలను ఊళ్లకు పంపడం ఆమె ఉద్యోగం.

ఆ కంపెనీ యజమాని చలపతిరావు భీమవరం వైపు నుంచి వచ్చినవాడు. 2009లో ఆ మైదానంలో ఆడే ఫుట్‌బాల్ జట్టును కొన్నాడు. ఆటగాళ్లకు జీతాలిచ్చి దేశమంతా ఆడించాలని ఆయన కోరిక. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎక్కడికెలా వెళ్లాలి, అన్నీ చూసుకోవడానికి జనరల్ మేనేజర్ కావలసి వచ్చింది. గోవా నుంచి, బెంగళూరు నుంచి అనుభవమున్నవాళ్లు వచ్చి మాట్లాడి వెళ్లారు. ఒక సాయంత్రం ఉప్పలమ్మ ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ పని నాకియ్యున్రి."

"మీకా? ఎందుకమ్మా?"

"ఆళ్లు ఆడుతుంటే నా పానం ఆడనే ఉంటది సార్. ఆట నాకెరుకే. ఒక్క సీజన్ సూడున్రి."

చలపతిరావు తన ముందున్న దరఖాస్తులు పక్కకు జరిపాడు. "అందరూ జట్టును ఎంత పెద్దది చేస్తారో చెప్పారు. ప్రాణం అన్న మాట మీరొక్కరే అన్నారు. కానివ్వండి," అన్నాడు.

మొదటి వారంలోనే గోల్‌కీపర్ హన్మయ్యను మార్చాలన్నాడు కోచ్. అతను జట్టుకు పెద్దదిక్కు, కానీ మోకాలు వంగడం లేదు. ఫోన్ చేసి చెప్పేస్తే చాలన్నారు ఆఫీసులో. ఉప్పలమ్మ వినలేదు. రామంతాపూర్ చెరువు దగ్గర అతని ఇంటికి వెళ్లింది.

"ఎందుకొచ్చినవో ఎరుకే అక్కా," అన్నాడు హన్మయ్య. "నా మోకాలు ముందే జెప్పింది."

"కొత్త కీపర్లకు నేర్పుకుంట ఉండరాదా తమ్మీ?"

"ఇప్పుడే వద్దక్కా. నా జాగల ఇంకొకణ్ణి జూస్తే తట్టుకోను. జర టైమియ్యి."

ఆమె బలవంతపెట్టలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, చెరువు నీళ్లు బూడిదరంగు నుంచి నల్లగా మారడం చూశారు. ఇంటికొస్తూ షేర్ ఆటోలో కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడాది జట్టు ఓటములే ఎక్కువ చూసింది. అయినా చలపతిరావు ఆమెను మార్చలేదు. మరుసటి ఏడాది హన్మయ్య తనంతట తానే వచ్చి కీపర్లకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆ ఏడాదే పుణెలో జరిగిన పోటీల్లో గెలిచారు.

తిరిగి వస్తుంటే షోలాపూర్ దాటాక బస్సులో అందరూ నిద్రపోయారు. ఎండలో జొన్నచేలు వెనక్కి ప్రవహిస్తున్నాయి. బస్సు కదలడం లేదనీ, నేలే వాళ్లను దాటిపోతోందనీ అనిపించింది ఉప్పలమ్మకు.

"మేడం, చాయ్‌కి ఆపాల్నా?" అడిగాడు డ్రైవర్.

"వద్దన్నా. జరసేపు గిట్లనే పోనియ్."