పిచ్చుకలకో పెట్టె

పుంగనూరులో మా పాత మిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకున్నప్పుడు పిచ్చుకల సంగతి మేమెవరం ఆలోచించలేదు. దూలాల సందుల్లో ఏళ్లుగా కాపురమున్నవి అవి. కొత్తింట్లో దూరడానికి సందు లేక, నాలుగు రోజులు వైరు మీద కూర్చుని అరిచి, చివరికి కరెంటు మీటరు పెట్టెలో చేరాయి. రీడింగుకు వచ్చినాయన గడ్డి బయటికి లాగేశాడు.

"ఇంకా గుడ్లు పెట్టలేదులేమ్మా. పెట్టినాక షాకు కొడితే పాపం గదా. వాటికి వేరే జాగా సూడు" అన్నాడు.

పాత అటక పలకలు కొన్ని మిగిలి ఉంటే గోతంలో చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. మా తలుపులన్నీ చేసిన సాయిబు ఉండేది అక్కడే. అంగడి మూసుంది. వెనకే ఇల్లు. ఆయన భార్య తలుపు తీసింది.

"పక్షవాతం వచ్చిందమ్మా. కుడిచెయ్యి సరిగా ఆడదు. ఏడాదిగా పని ముట్టుకోలా" అంది.

వెనక్కి తిరుగుతుంటే లోపల్నుంచి ఆయన గొంతు వినబడింది. "ఎవరమ్మా? తలుపు పనా?"

"కాదన్నా, పిచ్చుకలకు పెట్టె."

నవ్వు వినబడింది. "పలకలు ఈడ పెట్టి పోమ్మా. ఎప్పుడైతాదో సెప్పలేను."

నెల తర్వాత ఇద్దరూ బస్సులో పెట్టె తెచ్చారు. ఆమె పలక పట్టుకుంటే ఆయన ఎడమచేత్తో కోశాడట. అంచులు వంకర. ఆయన పనిలో వంకర నేనెప్పుడూ చూడలేదు. నా చూపు పడకుండా అంచు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఎండ తగలని గోడకు, సన్‌షేడు కింద బిగించాం. వారం తిరక్కుండా అందులో గోరింక దూరింది. ఫోను చేసి చెప్పాను.

"తప్పు నాదేమ్మా. బెజ్జం పెద్దదైపాయ" అన్నాడు. ఆ గొంతులో దిగులు లేదు, హుషారుంది. గోరింకను మాత్రం కదిలించనివ్వలేదు. "దానికీ ఇల్లు కావల్ల గదా" అన్నాడు. మిగిలిన పలకలతో ఇంకోటి చేసుకొచ్చాడు. ఈసారి బెజ్జం బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టినంతే.

ఇరవై రోజులు ఏదీ రాలేదు. నేను ఆశ వదులుకున్నాను. ఒక పొద్దున, గొంతు కింద నల్లమచ్చున్న మగపిచ్చుక గడ్డిపోచ పట్టుకొచ్చింది. పోచ అడ్డం పడి లోపలికి పోదే! మూడుసార్లు జారవిడిచి, నాలుగోసారి నిలువుగా తిప్పుకుని దూరింది. నేను ఒంటరిగా వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టాను.

పిల్లలైనాయని తెలిసి సాయిబు మళ్లీ వచ్చాడు. మధ్యాహ్నమంతా కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తల్లి పురుగుతో వాలినప్పుడల్లా లోపల కిచకిచలు. భార్యతో ఉర్దూలో ఏదో అన్నాడు. ఆమె నవ్వి నాకు చెప్పింది: "ఇన్ని వాకిళ్లు సేసినాను గానీ, ఇంత ఆత్రంగా ఇంట్లోకి పొయ్యేవాళ్లను సూడలేదంటాండాడు."

ఇప్పుడు ఉదయంపూట అంగడి తెరుస్తున్నాడు. పెద్ద పనులు ఒప్పుకోడు. పెట్టెలు చేస్తాడు, స్టూళ్లు బాగుచేస్తాడు. మొన్న కుప్పంలో మా చెల్లెలికి ఒక పెట్టె తీసుకుపోయాను. ఆదివారం ఫోను చేసింది.

"అక్కా, ఒకటి వచ్చి తొంగిసూసి పాయ. మళ్లా వస్తాదంటావా?"

"వస్తాదిలే" అన్నాను.